ఆడోళ్ల హక్కు

పోయిన వారం మనం గుర్వమ్మను సిరా పూసిన బొటనవేలితో అలాగే వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ముసలమ్మ వేలు గాలిలోనే ఉందని ఎవరైనా బెంగపెట్టుకుని ఉంటే వాళ్లకు నా క్షమాపణలు. అయితే ఆ వేలు కాగితం మీద పడకుండా వెనక్కి ఎందుకు పోయిందో చెప్పాలంటే రెండు ముక్కలు గుర్తుచేయక తప్పదు.

యాదలక్ష్మి రావులచెల్క గ్రామంలో గొర్రెలు కాచుకునే బీరన్న కూతురు. వయసు ఇరవై రెండు. హైదరాబాదులో ఉండి బీ.ఏ. ప్యాసైంది. మానవ హక్కులూ, స్త్రీల చరిత్రా చదువుకోవడానికి హాలండు దేశంలోని ఒక విద్యాసంస్థ ఆమెను ఏడాది పాటు రమ్మంది. దారి ఖర్చు, తిండి, జాగా అన్నీ వాళ్లవే. ఇంటివాళ్ల సమ్మతి పత్రం, సొంత ఊరి ఆడవాళ్ల మీద నాలుగు పేజీల వ్యాసం శనివారంలోగా హైదరాబాదులోని ఆఫీసుకు చేరాలి. ఇది బుధవారం మధ్యాహ్నం.

సమ్మతి పత్రం మీద బీరన్న సంతకం ఒక్కటే చాలు. కానీ బీరన్న ఈ మధ్యనే వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. కాగితం కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఊరుకోదు. 'ఇంటి పెద్ద' అని ఉన్న చోట తన పేరు రాయాల్సింది పోయి, నాలుక బయటపెట్టి, గుండ్రంగా, ముచ్చటగా 'మా అమ్మ గుర్వమ్మ' అని రాసిపెట్టాడు. అబద్ధం రాయలేదు పాపం. ఆ ఇంటికి పెద్ద ఎవరో గొర్రెలక్కూడా తెలుసు. కానీ అలా రాసినందుకు ఆ పేరు పక్కన ఆమె వేలిముద్ర పడక తప్పదు.

గుర్వమ్మ అడ్డుచెప్పలేదు. కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించమంది. యాదలక్ష్మి చదివింది. "స్త్రీల హక్కులను గూర్చి విద్యనభ్యసించుటకు" అన్న చోట ముసలమ్మ ఆపి, గా మాటకు అర్థమేందని అడిగింది. యాదలక్ష్మి ఆ గ్రాంథికాన్ని గ్రాంథికంగానే వదిలేసి ఉంటే ఈ వారం మనకు కథే లేదు. కానీ చదువుకున్న పిల్ల కదా, అవ్వకు అర్థమయ్యేలా చెప్పాలని తాపత్రయపడింది.

"ఆడోళ్ల హక్కులు, అవ్వా" అంది.

అంతే. కాగితానికి జానెడు దూరంలో ఉన్న వేలు వెనక్కి పోయింది.

"ఏమన్నవ్? మల్ల జెప్పు."

"ఆడోళ్ల హక్కులు."

గుర్వమ్మ లేచి నిలబడింది. సిరా చేతిని చీరకు తుడుచుకోబోయి, చీర గుర్తొచ్చి గోడకు తుడిచింది. "బీరన్నా! పొల్లను పట్నంల సదివిచ్చింది గిందుకేనార? ఇండ్లిండ్లకు తిరిగి ఆడోళ్ల హక్కు పట్టుకొచ్చే పని నేర్వనీకా? గది నేర్వనీకి సముద్రాలు దాటి పోవాల్నా?"

బీరన్న నోరు తెరిచాడు. ఇన్నాళ్లుగా ఆయన ఆ మాట వింటూనే ఉన్నాడు. వయోజనుల బడిలో పలక మీద రాశాడు కూడా. కానీ పలక మీది 'హక్కు'నూ, తాను చిన్నప్పటి నుంచి వీపు మీద మోసిన 'హక్కు'నూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఇప్పుడు చూసుకున్నాడు. ఆయన మొహం కూడా మారిపోయింది.

"నిజమే గద బిడ్డా" అన్నాడు, నేరం చేసినవాడిలా. "ఆ మాటనే గద అది!"

యాదలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. వసారాలో ఉన్ని దారం తీస్తున్న తల్లి సైదమ్మ వైపు చూసింది. సైదమ్మ తలెత్తలేదు. ఆమె చేతిలోని కదురు మాత్రం ఆగింది.

"అవ్వా, జర కూసో. అసలు నీకు తెల్సిన హక్కేందో జెప్పు" అంది యాదలక్ష్మి.

"నాకు తెల్వదా? గా గడీల ఉన్న దొరకు మందకొక పొట్టేలు హక్కు. ఇంటికొక గొంగడి హక్కు. మొగోళ్లు మూడు దినాలు నాగలి గట్టుడు హక్కు. గింతనేనా? ఇంటికొక ఆడిది వారానికి రెండు దినాలు గడీకి పోయి ఒడ్లు దంచాలె, ఉన్ని ఏరాలె, పేడ దియ్యాలె. దాన్నే ఆడోళ్ల హక్కు అంటరు. పొద్దుగాల్నే గుమాస్తా రామచంద్రయ్య గల్లీల నిలబడి, 'ఆడోళ్ల హక్కు ఎల్లాలె' అని ఒర్రుతుండె. నువ్వు పాలు దాగే పిల్లవున్నప్పుడు గూడ నిన్ను తట్టల పండబెట్టుకొని మీ అమ్మ పోయింది. అడుగు మీ అమ్మను!"

సైదమ్మ తలూపింది. 

 హైదరాబాదులో మూడేళ్లు యాదలక్ష్మి ఈ మాట వాడింది. చర్చల్లో వాడింది, పరీక్షల్లో రాసింది, ఒకసారి ఉపన్యాస పోటీలో దీంతోనే బహుమతి కూడా కొట్టింది. తన ఇంట్లో ఈ మాటకు అర్థం వెట్టి అని ఒక్కరోజూ తెలియలేదు. సిగ్గుగా అనిపించింది. అంతకన్నా ఎక్కువగా భయమేసింది. అవ్వ ఒకసారి కాదంటే ఆ ఇంట్లో మళ్లీ అవునన్నవాళ్లు లేరు.

"అవ్వా, నేను సదివే హక్కు గది కాదే."

"మరేంది?"

"మన దగ్గర ఎవరన్న తీసుకునేది కాదు. మనకు ఉన్నది. ఎవ్వరు గుంజుకోరానిది."

"మనకు ఉన్నదైతే దానికి ఒక పేరెందుకు? నాకు రెండు చేతులున్నయ్. చేతుల హక్కు అంటున్ననా?"

"గా చేతులతోని నువ్వు వద్దన్న పని జేపిచ్చేటోడు ఉన్నడు గదా, అందుకు పేరు."

గుర్వమ్మ మళ్లీ కూర్చుంది. కూర్చుందంటే సగం గెలిచినట్టే అని బీరన్న కూతురికి కళ్లతో సైగ చేశాడు. ముసలమ్మ తన అరచేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కుడి బొటనవేలికి ఇంకా సగం సిరా ఉంది.

"అంటే దొర నోట్లె ఉన్న మాట మన నోట్లెకు వచ్చిందా?"

"వచ్చింది, అవ్వా."

"దొర ఇచ్చిండా?"

"దొర ఎందుకిస్తడు?"

"మరి ఎవరు గుంజుకొచ్చిండ్రు?"

"గదే సదవనీకి పోతున్న."

ఆ మాటకు గుర్వమ్మ నవ్వింది. మామూలు నవ్వు కాదు. ఊళ్లో ఆమె నవ్వు మొదలైతే పెరట్లో కుక్క కూడా లేచి నిలబడుతుందని అంటారు. సైదమ్మ కూడా తల దించుకునే నవ్వడం మొదలుపెట్టింది. బీరన్న ఎందుకైనా మంచిదని తానూ నవ్వాడు.

"గంత దూరం పోతవేందే ఎర్రిదానా! గా మాటను ఎట్ల గుంజుకొస్తరో నన్ను అడిగితే జెప్పనా? సైదమ్మా, జెప్పమంటవా?"

"ఇన్నేండ్లు జెప్పలే గద అత్తా. జెప్పు ఇగ" అంది సైదమ్మ. ఈసారి తలెత్తింది. ఆమె మొహం నిండా నవ్వే.

అప్పుడు గుర్వమ్మ చెప్పిన కథ ఇది. పదహారేళ్ల కిందటిది. యాదలక్ష్మికి అప్పుడు ఆరేళ్లు.

ఆ ఎండాకాలం మగవాళ్లంతా గొంగళ్లు అమ్ముకురావడానికి భువనగిరి సంతకు పోయారు. నాలుగు ఇళ్ల నాలుగు మందలను ఐదుగురు ఆడవాళ్లు కాస్తున్నారు. బాయి కాడ గడీలో పనిచేసే ఆడమనిషి ఒకతె బిందె నింపుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు నీళ్లవైపు చూస్తూ చెప్పింది. రేపు హక్కు పట్టడానికి వస్తున్నారు. ఈసారి మందకొకటి కాదు, రెండు పొట్టేళ్లు. గుమాస్తాకు గొర్రెను చూస్తే గొర్రె అని తప్ప ఇంకేమీ తెలియదు. మందలన్నీ కలిపేసుకోండి.

"అంతే జెప్పింది. బిందె ఎత్తుకొని పోయింది. ఆ రోజు నేనట్లనే నిలబడ్డ. గొర్లు కాసేది మేము. గా ఉపాయం మాకు తట్టలే, చూడు!"

మర్నాడు పొద్దున గుమాస్తా రామచంద్రయ్య ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చేసరికి బీడులో నాలుగు మందలు లేవు. ఒకటే మంద ఉంది. నాలుగు వందల పైచిలుకు గొర్రెలు. ఐదుగురు ఆడవాళ్లు రాళ్ల మీద కూర్చుని ఉన్ని ఏరుకుంటున్నారు.

"'నీ మంద ఏదే గుర్వమ్మా' అన్నడు. 'గిండ్లనే ఉన్నది దొరా' అన్న. ఏరి తియ్యమన్నడు. 'నాకు ఎండదెబ్బ తగిలింది, గొంతు పోయింది, పిలువరాదు' అన్న. నర్సింగమ్మను అడిగిండు. దానికి గూడ గొంతు పోయింది. మీ అమ్మను అడిగిండు. మీ అమ్మ అయితే నోరు దెరిచి, చేతులూపుకుంట మూగదాని లెక్క జేసింది!"

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గొర్రెల సంగతి తెలియని పాఠకులకు ఒక మాట. కలిసిపోయిన మందలను విడదీయడానికి కర్రతో పనిలేదు. ఎవరి మందను వాళ్లు పిలవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. ఆ కూత వినబడితే ఆ ఇంటి గొర్రెలు మాత్రమే తల తిప్పి నడుచుకుంటూ వస్తాయి. వినబడకపోతే బ్రహ్మదేవుడు వచ్చినా ఒక్కటీ కదలదు.

"ఇగ గుమాస్తానే పిల్వబట్టె. 'హుర్ర్ర్' అంటడు, 'హా' అంటడు, 'బా బా' అంటడు. గొర్లు మేతలకెళ్లి తల గూడ ఎత్తలే. ఆయన మనుషులు ఉరికి పట్టబోతే మంద రెండుగ చీలి మల్ల ఒకటైతుండె. పొద్దు గుంకేదాంక ఉరికిండ్రు. కడాఖరికి గుమాస్తానే దూకి ఒకదాన్ని పట్టిండు. కాళ్లకు అడ్డం పండుకొని, 'దొరికింది, పొట్టేలు దొరికింది' అని ఒర్రిండు. అది పొట్టేలు గాదు బిడ్డా. సూడి గొర్రె!"

బీరన్న పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. గుమాస్తా సూడి గొర్రెను పట్టాడని ఆయనా విన్నాడు గానీ, దాని వెనకున్న ఉపాయం ఆయనకూ కొత్తే. ఆ రోజు సంతలో ఉన్నాడు కదా! ఇన్నేళ్లుగా పెళ్లాం, తల్లి ఇద్దరూ కూడబలుక్కుని తన దగ్గర దాచారన్న కోపం కూడా ఆయనకు గుర్తురాలేదు.

"దొర ఊకున్నడా అవ్వా?" అని అడిగింది యాదలక్ష్మి, కళ్లు తుడుచుకుంటూ.

"మీ తాతను పిలిపిచ్చిండు. మీ తాత, 'దొరా, నేను సంతల ఉన్న, నాకేం తెల్వది' అన్నడు. నిజమే గద! అందరు మొగోళ్లు గదే జెప్పిండ్రు. ఇగ మా ఐదుగురిని పిలిపిస్తే మాకు గొంతులు రాకపాయె. గుమాస్తా సూడి గొర్రెను పట్టిన ముచ్చట సుట్టుముట్టు ఊర్లకు పాకింది. గా నవ్వులకు దొర మొఖం ఎత్తలేకపోయిండు. ఆ ఏడు హక్కు పట్టలే. మల్ల ఏడు మేము ఇయ్యలే. అటెన్క రెండేండ్లకు దొరనే పట్నం బాట పట్టిండు."

యాదలక్ష్మి లేచి వెళ్లి తన పెట్టె తెరిచింది. వ్యాసం పైనే ఉంది. నాలుగు పేజీలు, అందమైన దస్తూరి. ఊరి ఆడవాళ్ల మీద రాయడానికేముందిలే అనుకుని రాణుల గురించి రాసింది. కోటలు కట్టించిన రాణులు, గుడులకు దీపాలు పెట్టించిన రాణులు. ఒక్కో రాణి పేరు కింద గీత కూడా గీసింది. వాటిని ఒకసారి చూసి, మడిచి పెట్టె అడుగున పడేసింది. కొత్త కాగితాలు తీసుకుని అవ్వ ముందు కూర్చుంది. ఆ క్షణంలో ఆమెకు కలిగిన సంతోషం హాలండు నుంచి ఉత్తరం వచ్చిన రోజు కూడా కలగలేదు. నేను చెప్పడం కాదు, మీరు ఆమె మొహం చూడాల్సింది.

"అవ్వా, గిదే రాస్త. మీ పేర్లు జెప్పు. ఒక్కొక్కటి."

"మా పేర్లు హాలండుల సదువుతరా?"

"సదువుతరు."

"అయితే మంచిగ రాయి. గుర్వమ్మ. సైదమ్మ. నర్సింగమ్మ. కొమురమ్మ. బుచ్చమ్మ." ఒక్కో పేరుకు ఒక్కో వేలు ముడిచింది. ఐదు వేళ్లు ముడిచాక ఆగింది. నవ్వు కూడా ఆగింది.

"ఇంకొకతె ఉన్నది గద" అంది సైదమ్మ మెల్లగా.

"ఉన్నది."

"ఎవరు? బాయి కాడ జెప్పిన ఆమెనా? ఆమె పేరేంది?"

గుర్వమ్మ తల అడ్డంగా ఊపింది. "తెల్వది."

"తెల్వదా? ఒకే ఊరు గద!"

"ఆడబాప అనేటోళ్లం. దొరసాని పెండ్లినాడు అరణంగ వచ్చిన పిల్ల. మంచం వచ్చింది, బిందెలు వచ్చినయ్, గా పిల్ల వచ్చింది. గడీల అందరు 'ఓ ఆడబాపా' అని పిలుస్తుండ్రి. మేము గూడ గట్లనే పిలిచినం. నీళ్ల కాడ ఏండ్లకు ఏండ్లు జూసినం. ఒక్కనాడు గూడ, 'చెల్లె, నీ పేరేంది' అని అడుగలే." ముసలమ్మ ముడిచిన వేళ్లను చూసుకుంది. "పొట్టేళ్లను కాపాడుకున్నం. ఆమె మాత్రం మల్ల అదే గడీలకు పోయింది. దొర పోయినంక బయటపడి, భువనగిరిల బస్సులు ఆగే కాడ రొట్టెల హోటల్ పెట్టుకున్నదని సంతకు పోయొచ్చే మన ఊరి సైదులు జెప్పిండు."

"ఎన్నడన్న పోయి కలిసినవా?"

"ఏమని పిల్వాలె బిడ్డా? పేరు తెల్వకపాయె."

 గుర్వమ్మ సమ్మతి పత్రాన్ని తీసి, మడత పెట్టి, రొండిన దోపుకుంది.

"ఇగో యాదీ, ఇను. హాలండుకు పో. ఒద్దనను. నా ఏలు గూడ పెడ్త. కానీ ఐదుగురి పేర్లు రాసి, ఆరోదాన్ని ఆడబాప అని రాస్తే దొరకు, మనకు ఫరకేంది? ఆమె పేరు దొరికినంకనే నా ముద్ర. దొరకకుంటే లేదు."

"అవ్వా, శనివారానికి కాగితాలు పట్నంల ఉండాలె!"

"అయితే రేపు పొద్దున బస్సుకు పోదాం."

"పోదాం అంటే, నువ్వు గూడనా?"

గుర్వమ్మ పుట్టిన నాటి నుంచి బస్సెక్కలేదు. బస్సు కన్నా తన కాళ్లే నయమనేది. అందుకే మర్నాడు పొద్దున రావులచెల్క రోడ్డు మీద ఆమె కొత్త గొంగడి భుజాన వేసుకుని నిలబడితే చూడడానికి సగం ఊరు వచ్చింది. బస్సు కదిలినప్పుడు ముందు సీటు ఊచను రెండు చేతులతో పట్టుకుని, "ఒరేయ్ డ్రైవరూ, జర మెల్లగ తోలు, నా మనుమరాలు హాలండు పోవాలె" అని కేకేసింది. ఆ తర్వాత బస్సులో ఎక్కిన ప్రతి మనిషికీ మనుమరాలు హాలండు పోతోందనీ, ఆడోళ్ల హక్కు చదువుతుందనీ, అది పాత హక్కు కాదనీ, కొత్తదనీ విడమరచి చెప్పింది. యాదలక్ష్మికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. కానీ అవ్వ చెబుతున్న అర్థం తాను ఉపన్యాస పోటీలో చెప్పినదానికంటే బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

భువనగిరిలో దిగేసరికి గుట్ట మీద ఎండ తెల్లగా పడుతోంది. రొట్టెల హోటల్ వెతకనక్కర్లేదు. బస్సు దిగినవాళ్లంతా అటే నడుస్తున్నారు. తడికల పాక, రెండు బల్లలు, వెనక పెద్ద పెనం. పెనం ముందు నలభై ఏళ్ల మనిషి జొన్నరొట్టెను అరచేతుల మధ్య చకచకా తిప్పుతోంది. కూర్చున్నవాళ్లు "అమ్మా, ఇంకో రొట్టె", "అక్కా, జర కారం" అంటున్నారు. ఎవరూ పేరుతో పిలవడం లేదు.

బస్సులో అందరితో అంత మాట్లాడిన గుర్వమ్మకు ఇక్కడ నిజంగానే గొంతు పోయింది. గొంగడి అంచు పట్టుకుని గుంజకు ఆనుకుని నిలబడిపోయింది. యాదలక్ష్మి వెనక నుంచి చిన్నగా వీపు మీద తట్టింది.

రొట్టెల మనిషి తలెత్తి చూసింది. చేతుల్లోని రొట్టె ఆగింది.

"గుర్వమ్మ గదా!" అంది. మొహం ఒక్కసారిగా విప్పారింది. "గొంతు వచ్చిందా ఇప్పటికన్నా?"

గుర్వమ్మ నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. "వచ్చింది, చెల్లె. నీ పేరు అడగనీకి వచ్చింది. పదారేండ్లు ఆలస్యమైంది. తప్పు నాదే. నీ పేరేంది?"

బల్లల దగ్గర తింటున్నవాళ్లు కూడా చేతులు ఆపారు. రొట్టెల మనిషి చేతిలోని రొట్టెను పెనం మీద వేసింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ ముందుకు వచ్చి ముసలమ్మ మొహంలోకి చూసింది. ఇలా ఒకరు వచ్చి అడుగుతారని ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో ఆ చూపులోనే ఉంది.

"గడీల పెట్టిన పేరొకటి, కన్నతల్లి పెట్టిన పేరొకటి. ఏది గావాలె నీకు?"

"కన్నతల్లి పెట్టిందే గావాలె."

ఆమె పక్కనున్న పీటను కాలితో ముందుకు జరిపింది.

"అయితే జర కూసో, గుర్వమ్మా. గా పేరు నువ్వు నిలబడి ఇనేది కాదు."